రోడ్డు మరమ్మతుకు ముందు భూగర్భ లైన్ల గుర్తింపు: ఒకసారి స్కాన్ చేయిస్తే సరిపోతుందా?

రహదారి_పర్యవేక్షకుడు:

సభ్యులందరికీ నమస్కారం. నేను పర్యవేక్షిస్తున్న ఒక పాత రహదారి మరమ్మతు త్వరలో మొదలు కాబోతోంది. పై తారు పొరను మిల్లింగ్ యంత్రంతో తీసివేయడం, కుంగిన చోట్ల అడుగు మట్టి వరకు తవ్వి మళ్ళీ నింపడం, ఒక పక్కన వాననీటి కాలువను తిరిగి కట్టడం, చివరగా సూచిక బోర్డుల స్తంభాలు పాతడం ఇందులోని పనులు. విద్యుత్, నీరు, గ్యాస్, టెలికాం సంస్థల నుంచి డ్రాయింగులు తెప్పించాము. ఒక సర్వే బృందం వచ్చి రోడ్డంతా స్కాన్ చేసి, రంగు గీతలు గీసి, నివేదిక ఇచ్చి వెళ్ళింది.

ఇక యంత్రాలు దింపవచ్చని కాంట్రాక్టరు అంటున్నారు. మిల్లింగ్ లోతు పది సెంటీమీటర్లు దాటదు కాబట్టి ఆ దశకు స్కాన్‌తో పనే లేదని ఆయన వాదన. నాకు మనసు ఒప్పడం లేదు. డ్రాయింగులో చూపిన స్థానానికీ నేల మీద గీసిన గీతకూ కొన్ని చోట్ల మీటరుకు పైగా తేడా ఉంది. రెండింటిలో దేనిని నమ్మాలి? గీత లేని చోట కింద ఏమీ లేదని అనుకోవచ్చా? గుంతలో దిగి పని చేసే కూలీలకు నేను ఏ భరోసా ఇవ్వగలనో తేల్చుకున్న తరువాతే పని మొదలు పెట్టాలనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

భూగర్భ_సర్వేయరు:

మీరు ఆగి అడగడం మంచిదైంది. ముందుగా ఆ నివేదికలో ప్రతి గీతకూ ఆధారం ఏమిటో రాశారో లేదో చూడండి. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 2002లో తెచ్చి 2022లో సవరించిన ఏఎస్‌సీఈ 38 ప్రమాణం ఈ ఆధారాన్ని నాలుగు స్థాయులుగా విడదీస్తుంది. పాత రికార్డుల నుంచి మాత్రమే ఎత్తి రాసినది డి స్థాయి. మ్యాన్‌హోల్ మూతలు, వాల్వ్ పెట్టెలు వంటి పైకి కనిపించే గుర్తులను కొలిచి రికార్డుతో సరిచూసినది సి. పరికరాలతో నేల మీద నుంచి పసిగట్టినది బి. తవ్వి, కంటితో చూసి, కొలిచినది ఏ. బ్రిటన్‌లో 2014లో వెలువడిన పాస్ 128 కూడా ఇదే తరహాలో సర్వేలను వర్గీకరిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, నేల మీదికి వచ్చేసరికి డి స్థాయి గీత, బి స్థాయి గీత ఒకే రంగులో, ఒకే మందంలో కనిపిస్తాయి. చూసేవారికి రెండూ సమానమైన నిజాలే. అందువల్ల గీత పక్కనే దాని స్థాయిని తెలిపే అక్షరాన్ని కూడా రాయించండి.

డ్రాయింగుకూ గీతకూ తేడా రావడానికి నేను తరచుగా చూసే కారణం రోడ్డు వెడల్పు మారడం. కేబుల్ వేసిన నాడు రోడ్డు అంచు నుంచి మీటరున్నర దూరం అని డ్రాయింగులో రాసి ఉంటారు. ఆ తరువాత రోడ్డును విస్తరించి అంచును జరుపుతారు, కొలత మాత్రం పాత అంచుకే చెందినది. డ్రాయింగు మీది తేదీని, కొలత మొదలైన బిందువును చూడకుండా ఆ అంకెను వాడకూడదు. అలాగే రెండు మ్యాన్‌హోళ్ల మధ్య లైను సూటిగానే వెళ్ళిందని అనుకోవడం కూడా ప్రమాదకరమే. వేసేటప్పుడు రాయి అడ్డం వచ్చినా, చెట్టు అడ్డం వచ్చినా చుట్టు తిప్పి వేస్తారు.

గీత లేని చోటు గురించి మీరు అడిగిన ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. కేబుల్ లొకేటర్ పైపును చూడదు. లోహంలో ప్రవహించే కరెంటు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని మాత్రమే అది పట్టుకుంటుంది. ప్లాస్టిక్ పైపు, ఆస్బెస్టాస్ సిమెంటు పైపు, మట్టి గొట్టం, ట్రేసర్ తీగ (తరువాత గుర్తించడానికి వీలుగా పక్కన వేసే లోహపు తీగ) లేకుండా వేసిన ఆప్టికల్ ఫైబర్ గొట్టం దానికి కనబడవు. వాటిని పట్టాలంటే గొట్టం లోపలికి సోండ్ అనే చిన్న ట్రాన్స్‌మిటర్‌ను పంపాలి, లేదా రాడార్ వాడాలి, లేదా తవ్వి చూడాలి. కాబట్టి సిగ్నల్ రాలేదంటే, ఆ పరికరం ఆ అమరికలో దేనినీ పట్టలేకపోయిందని మాత్రమే అర్థం చేసుకోవాలి.

విద్యుత్_పంపిణీ_ఇంజనీరు:

సర్వేయరు గారి మాటకు విద్యుత్ వైపు నుంచి కొంత జోడిస్తాను. పూర్తి వోల్టేజీతో ఉన్న కేబుల్ కూడా లొకేటర్‌కు మౌనంగా ఉండగలదు. పవర్ మోడ్‌లో పరికరం పట్టుకునేది 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు వల్ల పుట్టే క్షేత్రాన్ని. కేబుల్‌లో వోల్టేజీ ఉండి లోడు లేకపోతే ఆ క్షేత్రం దాదాపుగా ఉండదు. వీధి దీపాల కేబుల్ పగటి పూట ఈ స్థితిలోనే ఉండవచ్చు. మూడు ఫేజుల లోడు సమతూకంగా ఉన్న హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కేబుల్‌లో ఒక తీగ క్షేత్రాన్ని మరొకటి రద్దు చేయడం వల్ల బయటకు వచ్చే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. అంటే అన్నిటికంటే ప్రాణాంతకమైన కేబుల్ అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండవచ్చు. అందుకే పవర్ మోడ్‌లో ఒకసారి నడిచి వెళ్ళి పని అయిందనిపించుకోకూడదు. దూర ప్రాంతాల రేడియో తరంగాలు పొడవైన లోహ లైన్ల మీద కలిగించే సిగ్నల్‌ను పట్టే రేడియో మోడ్‌లోనూ, ఆ తరువాత ట్రాన్స్‌మిటర్ పెట్టి లైనులోకి మనమే సిగ్నల్ ఎక్కించే యాక్టివ్ మోడ్‌లోనూ నేలను అడ్డంగా, నిలువుగా రెండు దిశల్లో గాలించాలి.

కేబుల్ దెబ్బతింటే ఏమవుతుందో కూలీలకు ముందే స్పష్టంగా చెప్పాలి. చాలామంది షాక్ గురించి మాత్రమే ఆలోచిస్తారు. గడ్డపార మొన గానీ బ్రేకర్ మొన గానీ కేబుల్‌లోకి దిగినప్పుడు ఎక్కువ మందిని గాయపరిచేది షార్ట్ సర్క్యూట్ వల్ల పేలినట్టుగా ఎగసే ఆర్క్. చేతులు, ముఖం, ఛాతీ క్షణంలో కాలిపోతాయి. ఇన్సులేటెడ్ పిడి షాక్ నుంచి కాపాడవచ్చు గానీ ఆ మంట నుంచి కాపాడలేదు.

కాంట్రాక్టు_ఇంజనీరు:

నేను కాంట్రాక్టరు పక్షాన ఒక మాట అడుగుతాను, దయచేసి దీనిని మొండితనంగా భావించకండి. లొకేటర్‌కు ఇన్ని పరిమితులు ఉన్నప్పుడు నేరుగా గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో రోడ్డంతా స్కాన్ చేయిస్తే సరిపోదా? అది ప్లాస్టిక్‌ను కూడా చూపిస్తుందని, లోతును కూడా చెబుతుందని అంటారు. లైనును కంటితో చూడటానికి తీసే ట్రయల్ పిట్లు, అంటే పరీక్ష గుంతలు అనుకుంటే ప్రతి చోటా చేతితో తవ్వడం, ట్రాఫిక్ ఆపడం, మళ్ళీ పూడ్చడం. ఆ గుంతల్లో దిగేవారికి కూడా ప్రమాదమే కదా. తవ్వకం ఎంత తగ్గితే భద్రత అంత పెరుగుతుందన్నది నా అభిప్రాయం.

భూగర్భ_సర్వేయరు:

న్యాయమైన ప్రశ్న. రాడార్ నేలలోకి రేడియో తరంగాన్ని పంపి, విద్యుత్ గుణాలు మారే హద్దుల దగ్గర వెనక్కి వచ్చే ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. మట్టికీ ప్లాస్టిక్ పైపుకూ మధ్య ఆ తేడా తగినంత ఉంటే పైపు తెర మీద వంపు తిరిగిన గీతగా కనబడుతుంది. పొడి ఇసుక నేలలో అది చక్కగా పని చేస్తుంది. తడి బంకమట్టిలోనూ ఉప్పు నేలలోనూ తరంగం కొద్ది లోతులోనే క్షీణిస్తుంది. ఇనుప జాలీ ఉన్న కాంక్రీటు పలక కింద ఉన్నవాటిని ఆ జాలీయే కప్పేస్తుంది.

లోతు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాడార్ కొలిచేది సమయాన్ని. దానిని లోతుగా మార్చడానికి నేలలో తరంగ వేగాన్ని మనం ఇవ్వాలి. పొడి నేల అనుకొని నానోసెకండుకు 10 సెంటీమీటర్ల వేగం ఇచ్చారనుకోండి. వానకు తడిసిన ఆ నేలలో నిజమైన వేగం 6 సెంటీమీటర్లే అయితే, 60 సెంటీమీటర్ల లోతులో ఉన్న పైపును తెర మీటరు లోతులో చూపిస్తుంది. తడి నేలలో జరిగే ఈ పొరపాటు ఎప్పుడూ ప్రమాదం వైపే మొగ్గుతుందని గమనించండి. లైను ఉన్నదానికంటే లోతుగా కనబడటం వల్ల ఆపరేటరు ధైర్యంగా బకెట్ దించుతాడు. లోతు తెలిసిన మ్యాన్‌హోల్ పైపు మీదనో, ట్రయల్ పిట్‌లో బయటపడిన పైపు మీదనో ఆ వేగాన్ని సరిచూసుకోకుండా ఇచ్చిన లోతు అంకెకు విలువ లేదు.

లొకేటర్ ఇచ్చే లోతు కూడా పైపు నడిమధ్యకు ఇచ్చేదే. 300 మిల్లీమీటర్ల పైపు అయితే దాని పై అంచు ఆ అంకె కంటే 150 మిల్లీమీటర్లు పైనే ఉంటుంది. వంపుల దగ్గర, రెండు లైన్లు పక్కపక్కన ఉన్న చోట, ట్రాన్స్‌మిటర్‌కు మరీ దగ్గరలో లోతు రీడింగు తీసుకోకూడదు. పీక్ పద్ధతిలో (సిగ్నల్ అత్యధికంగా ఉన్న చోటు) వచ్చిన స్థానమూ నల్ పద్ధతిలో (సిగ్నల్ అత్యల్పంగా ఉన్న చోటు) వచ్చిన స్థానమూ ఒకే చోట పడకపోతే క్షేత్రం వక్రీకరణకు గురైందని అర్థం. ఫ్రీక్వెన్సీ ఎంపిక కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. 33 కిలోహెర్ట్జ్, 65 కిలోహెర్ట్జ్ వంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు సులభంగా లైనులోకి ఎక్కుతాయి, అంతే సులభంగా పక్క లైన్ల మీదికీ పాకుతాయి. 512 హెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కించడం కష్టమైనా, ఎక్కిన తరువాత ఆ లైనునే పట్టుకొని చాలా దూరం వెళుతుంది. గీతలు గీసినవారు ఏ పద్ధతిలో, ఏ ఫ్రీక్వెన్సీతో పట్టారో నివేదికలో లేకపోతే తప్పక అడగండి.

లొకేటర్, రాడార్ రెండూ వాడాలన్నదే నా సలహా. ఒకటి చూడలేనిది మరొకటి చూస్తుంది. రెండూ చూడలేనిది ఇంకా మిగులుతుంది కాబట్టే ట్రయల్ పిట్‌ను వదలలేము.

ప్రొక్లెయిన్_ఆపరేటరు:

నమస్కారం. నేను యంత్రం మీద కూర్చునే మనిషిని కాబట్టి అక్కడి నుంచి కనబడేది చెబుతాను. మిల్లింగ్‌కు స్కాన్ అక్కరలేదన్న మాటను అంగీకరించలేను. పాత రోడ్ల మీద పొర మీద పొర వేసుకుంటూ పోవడం వల్ల మ్యాన్‌హోల్ మూతలు, వాల్వ్ మూతలు తారు కింద కనబడకుండా పోయి ఉంటాయి. వాటికి మిల్లింగ్ డ్రమ్ము తగిలితే పళ్ళు విరిగి ముక్కలు ఎగురుతాయి. సిగ్నళ్ల దగ్గర వాహనాలను గుర్తించే లూప్ తీగలు పై పొరలోనే ఉంటాయి. పైగా మిల్లింగ్ తరువాత లైను మీద కప్పు, అంటే దాని పైన ఉన్న పొరల మందం, అంత మేర తగ్గిపోతుంది. ఆ తరువాత తవ్వేవాడు పాత లోతు అంకెను మనసులో పెట్టుకొని బకెట్ దించితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

దీనికంటే పెద్ద విషయం మరొకటి ఉంది. సర్వే వారు ఎంతో శ్రమపడి గీసిన గీతలు తారు మీద ఉంటాయి. మిల్లింగ్ యంత్రం మొదట తీసేది ఆ తారునే. మరునాడు లోతుగా తవ్వడానికి నేను వచ్చేసరికి నా ముందు నల్లటి గరుకు నేల తప్ప ఒక్క గీత ఉండదు. చెరిగిన గీతను జ్ఞాపకంతో తిరిగి గీయడం నేను చాలా చోట్ల చూశాను. దయచేసి గీతలు గీసిన రోజే రోడ్డు పక్కన పని జరగని చోట మేకులు కొట్టించి, అక్కడి నుంచి లైను ఎంత దూరంలో ఉందో రాయించండి. మిల్లింగ్ అయిన తరువాత సర్వే బృందాన్ని మళ్ళీ పిలిపించి కొత్త ఉపరితలం మీద మళ్ళీ పట్టించి, మళ్ళీ గీయించండి. రాత్రి షిఫ్టు వారు పగటి షిఫ్టు వారి మాట మీద ఆధారపడకుండా ఉండాలంటే ఇంతకు మించిన మార్గం లేదు.

గీతకు దగ్గరైనప్పుడు పళ్ళున్న బకెట్ బదులు అంచు నునుపుగా ఉన్న బకెట్ ఇవ్వండి. గుంతలోకి చూస్తూ ఉండటం తప్ప వేరే పని లేని ఒక మనిషిని నిలబెట్టండి. అతను చెయ్యి ఎత్తితే కారణం అడగకుండా నేను ఆపుతాను. ఆ అధికారం అతనికి ఉందని మేస్త్రీ నుంచి ఇంజనీరు వరకు అందరికీ ముందే తెలియాలి.

భద్రతాధికారి:

ఆపరేటరు గారు చెప్పిన మాట ఈ చర్చకు గుండెకాయ. మరమ్మతు పనిలో నేల ప్రతి దశలోనూ మారుతుంది. కాబట్టి గుర్తింపును మిల్లింగ్‌కు ముందు ఒకసారి, మిల్లింగ్ తరువాత ఒకసారి, లోతు తవ్వకం సాగుతున్న కొద్దీ గుంత అడుగున మళ్ళీ మళ్ళీ చేయవలసి ఉంటుంది. పై నుంచి దొరకని సిగ్నల్ అర మీటరు మట్టి తీసిన తరువాత దొరకడం మామూలే. తవ్వకానికి ఇచ్చే పర్మిట్ కూడా దశల వారీగా ఉండాలి. మొత్తం పనికి ఒకే కాగితం ఇస్తే అది రెండో దశకే పాతబడుతుంది.

గీత మీద అతి నమ్మకం ఎంతకు దారి తీస్తుందో చెప్పడానికి అమెరికాలోని కాలిఫోర్నియాలో వాల్‌నట్ క్రీక్ వద్ద 2004 నవంబరు 9న జరిగిన ప్రమాదాన్ని మా శిక్షణలో తప్పక వివరిస్తాను. నీటి పైపు కోసం తవ్వుతున్న యంత్రం అధిక పీడనంలో ఉన్న పెట్రోలు పైపులైనును చీల్చింది, మంటల్లో ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఆ పైపులైను అక్కడ ఒక చెట్టును తప్పించుకుంటూ పక్కకు వంగి వెళ్ళింది. నేల మీది గుర్తులు ఆ వంపును చూపలేదు. రికార్డులు ఉన్నాయి, గుర్తులు ఉన్నాయి, అయినా ఆ ఒక్క వంపు దగ్గర ఎవరూ పైపును కంటితో చూడలేదు.

ట్రయల్ పిట్ల విషయంలో కాంట్రాక్టు ఇంజనీరు గారి ఆందోళన అర్థం చేసుకోగలను. సరిగ్గా తవ్వితే ఆ ప్రమాదాన్ని బాగా తగ్గించవచ్చు. బ్రిటన్ భద్రతా సంస్థ మార్గదర్శిని హెచ్‌ఎస్‌జీ 47, గుర్తించిన విద్యుత్ కేబుల్ గీతకు అర మీటరు లోపల చేతి బ్రేకర్ల వంటి పవర్ పనిముట్లు వాడవద్దని చెబుతుంది. అమెరికా రాష్ట్రాల్లో ఈ హద్దు సాధారణంగా లైనుకు ఇరువైపులా 18 నుంచి 24 అంగుళాల వరకు ఉంటుంది. ఆ హద్దు లోపల గడ్డపార, పలుగు రెండింటినీ పక్కన పెట్టించండి. అంచు గుండ్రంగా, పిడి ఇన్సులేషన్‌తో ఉన్న పారతో, గీతకు సరిగ్గా పైన కాకుండా పక్క నుంచి మొదలుపెట్టి, చివరి కొద్ది దూరం అడ్డంగా మట్టిని గీకుతూ లైను వైపు జరగాలి. పారను ఎత్తి పొడవకూడదు, కాలితో మెల్లగా నొక్కాలి. గాలి పీడనంతో మట్టిని వదులు చేసి పీల్చే వాక్యూమ్ యంత్రం దొరికితే ఇంకా మేలు. నీటి పీడనంతో తవ్వే యంత్రమైతే పీడనాన్ని అదుపులో ఉంచాలి, లేకపోతే నీటి ధారే కేబుల్ తొడుగును కోసేస్తుంది. లైన్లు ఒకదానిని ఒకటి దాటే ప్రతి చోట, దిశ మారే ప్రతి చోట, మీ తవ్వకం లైనుకు సమాంతరంగా సాగే చోట్ల కొంత కొంత దూరానికి ఒక పిట్ తీయించండి.

పనికి ముందు లైన్ల యజమానులందరినీ ఒకే చోటి నుంచి పిలిపించే ఏర్పాటు మీకు అందుబాటులో ఉంటే తప్పక వాడండి. అమెరికాలో 2007 నుంచి 811 నంబరు, భారతదేశంలో 2023 మార్చిలో ప్రారంభమైన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ అందుకోసమే వచ్చాయి. అందులో నమోదు కాని ప్రైవేటు లైన్లు ఉండవచ్చన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒక కార్యాలయం నుంచి ఎదురుగా ఉన్న తన భవనానికే వేసుకున్న కేబుల్ ఎవరి రికార్డులోనూ ఉండకపోవచ్చు.

నీటి_సరఫరా_విభాగం:

నీటి పైపు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు. నీరే కదా అని తేలికగా తీసుకునేవారు ఉన్నారు. పెద్ద పైపు మలుపు తిరిగే చోట నీటి తోపుడును ఆపడానికి దాని వెనుక కాంక్రీటు దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ వెనుక ఉన్న మట్టి ఆనుకొని ఉండటం వల్లనే అది నిలబడుతుంది. కాలువ కోసం దిమ్మ వెనుక మట్టిని తీసేస్తే, పైపును ఎవరూ తాకకపోయినా జాయింటు ఊడి గుంత నీటితో నిండిపోతుంది, పక్క మట్టి కూలుతుంది. అక్కడ మనిషి ఉంటే బయటపడటం కష్టం. మీ కాలువ గీత పక్కన ఎక్కడెక్కడ మలుపులు, టీ జాయింట్లు ఉన్నాయో మమ్మల్ని అడిగి తెలుసుకోండి.

పాత పోత ఇనుప పైపులు పెళుసుగా ఉంటాయి. కప్పు తగ్గిన తరువాత వాటి మీద వైబ్రేషన్ రోలర్ నడిపితే అవి పగలవచ్చు. ఆ భాగంలో వైబ్రేషన్ ఆపి నడపాలి.

గ్యాస్_నెట్‌వర్క్_సాంకేతికుడు:

గ్యాస్ పైపు తెగినప్పుడు అందరికీ తెలుస్తుంది. తెగకుండా గీరుకుపోయినప్పుడు ఏమవుతుందన్నదే నేను రాయదలచుకున్నది. బెల్జియంలోని గిలెన్‌గియెన్ వద్ద 2004 జూలై 30న అధిక పీడన గ్యాస్ పైపులైను పేలి 24 మంది చనిపోయారు. అంతకు ముందు జరిగిన పనుల్లో యంత్రం వల్ల పైపుకు పడిన గాటు అప్పటికి పైపును చీల్చలేదు. తరువాత పీడనం పెరిగినప్పుడు అది అక్కడే తెగింది. కాబట్టి బకెట్ పన్ను పైపు పూతను గీరినా, ప్లాస్టిక్ పైపు మీద చిన్న గాటు పడినా, ట్రేసర్ తీగ తెగినా పని ఆపి యజమాని సంస్థకు చెప్పాలి. చెప్పినవారికి జరిమానా ఉండదని, దాచినవారికే చర్య ఉంటుందని మొదటి రోజే ప్రకటించండి. మందలింపుకు భయపడిన కూలీ గాటు మీద మట్టి కప్పేస్తాడు. ఆ మనిషిని అంతగా భయపెట్టిన వాతావరణాన్ని సరిదిద్దడం మీ బాధ్యతే.

లీకు అయితే గ్యాస్ నేరుగా పైకి పోతుందని అనుకోకండి. తారు పొర మూతలా అడ్డు పడటం వల్ల అది పాత కందకాల వెంట, టెలికాం గొట్టాల వెంట పక్కలకు పాకి ఇళ్ళలోకి, మ్యాన్‌హోళ్లలోకి చేరుతుంది. మట్టి గుండా వెళ్ళే క్రమంలో వాసన కోసం కలిపిన పదార్థం వడకట్టినట్టు తగ్గిపోవచ్చు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు రవ్వకు పేలుతుంది. అమెరికాలోని సన్ ప్రెయిరీలో 2018 జూలై 10న ఫైబర్ కోసం బోరింగ్ చేస్తూ గ్యాస్ పైపును కొట్టారు. గంటలోపే దగ్గరలోని భవనం పేలి ఒక అగ్నిమాపక అధికారి మరణించారు. ఆ మధ్యలో చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించడం వల్ల ఎందరో బతికారు. లీకు తెలిసిన వెంటనే యంత్రాన్ని అక్కడే వదిలి, గాలి వీచే దిశకు ఎదురుగా దూరం వెళ్ళి, అత్యవసర నంబరుకూ గ్యాస్ సంస్థకూ ఫోన్ చేయాలి. పైపును మడవడానికీ, వాల్వ్ తిప్పడానికీ, మంటను ఆర్పడానికీ ప్రయత్నించకూడదు.

రహదారి_పర్యవేక్షకుడు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం మిల్లింగ్‌ను వాయిదా వేయించి, గీతలన్నిటికీ రోడ్డు పక్కన ఆధార మేకులు కొట్టించాము. కుంగిన ఒక భాగం దగ్గర చేతితో ట్రయల్ పిట్ తీయించగా ఏ డ్రాయింగులోనూ లేని ఒక నల్లటి లైను బయటపడింది. లొకేటర్ దాని మీద ఏమీ పలకడం లేదు. వాడకంలో లేని పాత కేబుల్ అయి ఉంటుందని, కోసి తీసేయవచ్చని కాంట్రాక్టరు మనుషులు అంటున్నారు. దాని కొంత భాగం పాత కాంక్రీటులో కూరుకుపోయి ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?

విద్యుత్_పంపిణీ_ఇంజనీరు:

దానిని ఎవరూ తాకవద్దు, కదపవద్దు, కోయవద్దు. రంగును బట్టి అది కేబులా నీటి పైపా అని తేల్చలేరు, నల్లటి ప్లాస్టిక్ నీటి పైపు, పాత విద్యుత్ కేబుల్ గుంతలో ఒకేలా కనిపిస్తాయి. లొకేటర్ పలకకపోవడం గురించి ఇంతకు ముందే రాశాను. వాడకంలో లేదని డ్రాయింగులో రాసి ఉన్నా, దాని యజమాని వచ్చి తమ పద్ధతిలో పరీక్షించి, డెడ్ (సరఫరా లేదు) అని రాతపూర్వకంగా ఇచ్చే వరకు అది లైవ్ (సరఫరాలో ఉన్న) కేబులే. చివర సీలు చేసి వదిలేసిన కేబుల్‌కు అవతలి వైపు నుంచి సరఫరా అలాగే ఉండటం సాధ్యమే.

కాంక్రీటులో ఉన్న భాగం మరింత సున్నితమైనది. దానిని బ్రేకర్‌తో పగలగొట్టవలసి వస్తే ముందుగా సరఫరా ఆపించడం తప్ప మార్గం లేదు. ఆపడం కుదరదని యజమాని చెబితే మీ డిజైన్‌ను మార్చుకోండి. అక్కడ కాలువను అర మీటరు జరపడం కష్టమే, కానీ అది కాగితం మీద తీరే కష్టం. ఈలోగా పిట్ చుట్టూ కంచె కట్టించి, బయటపడిన లైనుకు కింద నుంచి ఆసరా ఇచ్చి, పైన పలక కప్పించండి. వేలాడుతున్న కేబుల్ మీద కాలు పెట్టి గుంతలోకి దిగడం చాలా చోట్ల అలవాటుగా జరుగుతుంది, దానిని మొదటి నుంచే ఆపించండి.

ప్రొక్లెయిన్_ఆపరేటరు:

ఒక్క చిన్న చేర్పు. ఎప్పుడైనా బకెట్ కేబుల్‌కు తగిలితే, యంత్రానికి నిప్పు అంటుకుంటే తప్ప ఆపరేటరు కిందకు దిగకూడదు. వెలుపల ఉన్నవారు యంత్రాన్ని తాకకుండా దూరం జరగాలి. దిగక తప్పని పరిస్థితి వస్తే, యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళు కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ వెళ్ళాలి. అడుగుకూ అడుగుకూ మధ్య నేలలోనే వోల్టేజీ తేడా ఉంటుంది. ఈ విషయాన్ని కొత్త ఆపరేటర్లకు చేసి చూపించమని మనవి.

రహదారి_పర్యవేక్షకుడు:

యజమాని సంస్థ సిబ్బంది వచ్చి చూశారు. అది వీధి దీపాల పాత కేబుల్ అని, ఇప్పటికీ సరఫరాలోనే ఉందని తేల్చారు. పనికి వీలుగా సరఫరా ఆపి రాతపూర్వక పత్రం ఇస్తామన్నారు, ఆ పత్రం చేతికి వచ్చే వరకు ఆ భాగాన్ని వదిలి అవతలి వైపు మిల్లింగ్ చేస్తున్నాము. మిల్లింగ్ పూర్తయిన మేర సర్వే బృందం మళ్ళీ వచ్చి కొత్తగా గీతలు గీస్తోంది. ఇక్కడ చెప్పినవన్నీ కూలీలకు పని ప్రారంభంలో వారి మాటల్లోనే వివరించాము, గుంత దగ్గర నిలబడే మనిషికి పని ఆపే అధికారం ఇచ్చాము. బయటపడిన కేబుల్ స్థానాన్ని, లోతును నమోదు చేసి యజమానికి పంపాలనుకుంటున్నాను. రోడ్డు ఉపరితలం నుంచి లోతు కొలిచి రాస్తే చాలా?

భూగర్భ_సర్వేయరు:

అది చాలదు. మీరు ఈ రోజు కొలుస్తున్న ఉపరితలం మిల్లింగ్ తరువాతిది, వచ్చే వారం దాని మీద కొత్త పొర పడుతుంది, కొన్నేళ్ళకు మరొకటి పడవచ్చు లేదా ఇది తొలగిపోవచ్చు. దాని నుంచి కొలిచిన లోతు అప్పటికి తప్పు అంకె అవుతుంది. దగ్గరలోని బెంచ్ మార్కు (ఎత్తు తెలిసిన స్థిరమైన గుర్తు) ఆధారంగా కేబుల్ పై అంచు మట్టాన్ని రాయించండి, స్థానాన్ని సర్వే కోఆర్డినేట్లలో ఇవ్వండి. పిట్ పూడ్చక ముందే కొలత బద్దతో సహా ఫోటో తీయించి, తేదీ, కొలిచినవారి హోదా, ఇది కంటితో చూసి కొలిచిన ‘ఏ’ స్థాయి అన్న మాట జత చేయండి. ఆ కేబుల్ వంపు తిరిగి కాంక్రీటులోకి వెళ్ళే బిందువును కూడా విడిగా కొలిపించండి. పిట్ పూడ్చేటప్పుడు కేబుల్ మీద మెత్తటి ఇసుక పరిచి, దానికి కొంత పైన హెచ్చరిక టేపు వేయించడం మరువకండి.